మెటల్ డిటెక్టరు: నేలకు పడికట్టు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటి పన్నులు మున్నగు విషయములపై మీతో ముచ్చటించుట మా శాఖకు అలవాటు. నేడు మెటల్ డిటెక్టరును గూర్చి ప్రసంగింపబూనుట చూచి మీలో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. అది పోలీసువారి సామగ్రి గదా, పంచాయతీకేల యని అడుగవచ్చును. కాని చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలోనికి ఆ యంత్రము ఇప్పటికే మూడు త్రోవల ప్రవేశించియున్నది. జాతర నాడు గుడి ముంగిట ద్వారబంధము వలె నిలుచుచున్నది. మట్టిలో కప్పబడిన నీటి వాల్వును, వదలివేసిన బోరును వెదకువారి చేతికి వచ్చుచున్నది. ఈ రెండును పట్టపగటి రాకలు. మూడవది రాత్రివేళ రాక. పాడుపడిన గుళ్లలోను, కోటగోడల వెంబడిని గుప్తనిధులకై తిరుగువారి సంచిలో అది యుండును.

ఈ మూడు చోట్లను యంత్రము చేయు పని యొక్కటియే. అది మ్రోగును. ఆ మ్రోతకు అర్థము చెప్పవలసినవాడు మనుష్యుడు. అచ్చటనే చిక్కు వచ్చుచున్నది. యంత్రము మ్రోగుటకు లోహమే యుండనక్కరలేదు. నేల దానిని మ్రోగించును. కరెంటు తీగ మ్రోగించును. వెదకువాని జేబులోని సెల్‌ఫోను సయితము మ్రోగించును. వీనిని ముందుగా మినహాయించి, పిదప మిగిలిన శబ్దమునే లెక్కలోనికి తీసికొనవలెను.

దీనికి మన అంగళ్లలో ఎన్నడో పుట్టిన మాట యొకటి కలదు: పడికట్టు. నేయి తూచు వర్తకుడు వట్టి గిన్నెను తక్కెడలో పెట్టి, దాని బరువునకు సరిపడు రాళ్లను రెండవ పళ్లెములో వేసి, ముల్లు నడిమికి వచ్చిన పిమ్మటనే నేయి పోయును. పడికట్టు లేక తూచినచో గిన్నె కూడ నేతి ధరకే అమ్ముడుపోవును. మెటల్ డిటెక్టరుకు నేల ఆ గిన్నె వంటిది. ఈ ఉపమానమును మనస్సులో నుంచుకొన్నచో యంత్రము మీది మీటలన్నియు సుబోధకమగును.

యంత్రము పనిచేయు తీరు

చేతితో పట్టుకొని నడచు యంత్రమునకు క్రింది కొనయందు పళ్లెము వంటి చక్రముండును. అందులో రాగి తీగ చుట్టలు అమర్చియుందురు. ఒక చుట్టలో కరెంటు సెకనుకు కొన్ని వేల మారులు దిశ మార్చుకొనుచు ప్రవహించును. దానివలన చక్రము చుట్టును, క్రిందను అయస్కాంత క్షేత్రమేర్పడి అంతే వేగముతో మారుచుండును. ఆ క్షేత్రములో లోహపు ముక్క యున్నచో దానియందు సుడులు తిరుగు స్వల్ప విద్యుత్తు జనించును. ఆ విద్యుత్తు మరల తనదైన అయస్కాంత క్షేత్రమును కల్పించును. రెండవ చుట్ట దానిని పసికట్టగా, యంత్రము ధ్వనిగా మార్చి వినిపించును.

ఇందులో ఒక మర్మము కలదు. రాగి, వెండి, అల్యూమినియము వంటి లోహములు ఇచ్చు జవాబు కొంచెము ఆలస్యముగా వచ్చును. నేలలో కలసియున్న ఇనుప ఖనిజపు రేణువులిచ్చు జవాబునకు ఆలస్యము దాదాపు ఉండదు. ఈ కాలభేదము మన ఊహకందనంత సూక్ష్మమైనది. అయినను యంత్రము దానిని కొలవగలదు. నేల జవాబు ఫలానా విధముగ నుండునని యంత్రమునకు ముందుగా తెలిపినచో, ఆ జవాబును తీసివేసి మిగిలినదానినే మనకు వినిపించును. దీనినే గ్రౌండ్ బ్యాలెన్సు అందురు. మన పడికట్టు ఇదియే.

పరిసరములను మినహాయింపనిచో ఎంతటివారికైనను భంగపాటు తప్పదనుటకు చరిత్రలో పేరుపడిన ఉదాహరణ మొకటి కలదు. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డుపై కాల్పులు జరిగినవి. తూటా శరీరములో నిలిచిపోయినది. ఎక్స్‌రే యంత్రము ఇంకను పుట్టని కాలమది. టెలిఫోనుకు రూపకల్పన చేసిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తీగ చుట్టలతో ఒక పరికరమును సిద్ధము చేసికొని రెండు మారులు రోగి శయ్యకడ పరీక్షించెను. అంతకుముందు ప్రయోగములలో చక్కగా పనిచేసిన ఆ పరికరము అచ్చట విస్తారమైన స్థలములో అస్పష్టముగ పలికినది. తరువాత విచారింపగా పరుపు క్రింద ఉక్కు తీగలతో అల్లిన మరియొక పరుపు ఉన్నట్లు తెలిసినది. పైగా వైద్యులు శరీరపు కుడిప్రక్కను మాత్రమే వెదకనిచ్చిరి. తూటా ఎడమప్రక్క నుండెను. ఆ సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించెను. పరికరములో దోషము లేదు. పరుపులోని ఉక్కునకు పడికట్టు వేసినవారు లేకపోయిరి.

మన నేల స్వభావము

ఇక మన నేల సంగతి. చిత్తూరు సీమలో అధిక భాగము గ్రానైటు, నైసు శిలలపై ఏర్పడిన ఎర్రనేల. ఆ ఎరుపు ఇనుము త్రుప్పు రంగే. అయితే ఎర్రగా నున్న ప్రతి మట్టియు యంత్రమును కలవరపెట్టదు. త్రుప్పులలో కొన్ని అయస్కాంతమునకు స్పందించునవి, కొన్ని అంతగా స్పందింపనివి. రంగు చూచి నిర్ణయింపరాదు. చిన్న అయస్కాంతమును కాగితములో చుట్టి, ఎండిన మట్టిలో నాలుగు మారులు త్రిప్పి తీయుడు. కాగితమునకు నల్లని నూగు దట్టముగ అంటినచో ఆ నేల గలగల మ్రోగు నేల. ఖర్చు లేని ఈ పరీక్ష యంత్రమును తెరవకముందే చేయదగినది. ఏటి ఇసుకలో వరద తీసినపుడు కనబడు నల్లని చారలను కూడ ఇట్లే పరీక్షింపవచ్చును.

గ్రానైటు నేలలను చీల్చుకొని నల్లరాతి గోడల వలె సాగు డాలరైటు చారలు ఈ ప్రాంతమున విస్తారముగ గలవు. ఆ రాతిలో మాగ్నెటైటు అను ఇనుప ఖనిజముండును. చేనిలో పడియున్న పిడికెడు డాలరైటు గుండు సయితము, ఎర్రమట్టికి సరిచేసిన యంత్రమును పలికింపగలదు. కాలిన మట్టి ఇంకొక మాయలమారి. పలమనేరు ప్రాంతపు కుమ్మరుల ఆవముల తావులు, పాత ఇటుక బట్టీలు, పూర్వము ఇనుము కరిగించిన చోట్ల మిగిలిన చిట్టెపు గడ్డలు, ఇవన్నియు యంత్రమునకు లోహము వలెనే తోచును. మట్టిని నిప్పులో కాల్చినపుడు అందలి ఇనుప సమ్మేళనములు మారి అయస్కాంత గుణము పెరుగుటయే దీనికి కారణము.

తిరుమల కొండల క్వార్ట్‌జైటు రాయి ఇందుకు భిన్నమైనది. అది చాలవరకు మౌనము వహించును. ఘాట్ రోడ్డు ప్రక్కన క్రింది గ్రానైటును, పైని క్వార్ట్‌జైటును కలియు గీత స్పష్టముగ కనబడును. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగ గుర్తించినది. ప్రతి దినము వేలమంది యాత్రికులు దాని ప్రక్కగా పోవుదురు. బస్సు కిటికీలోనుండి తల త్రిప్పి చూచువారు మాత్రము అరుదు. కొద్ది గజముల దూరములో నేల స్వభావము ఎట్లు మారిపోవునో చూపుటకు అంతకంటె మంచి పాఠము లేదు. ఒకచోట వేసిన పడికట్టు మరియొకచోట చెల్లదు. ఎర్రచేను దాటి చెరువు రేగడిలో అడుగిడినను, వాన కురిసి నేల తడిసినను మరల మొదటినుండి సరిచేసికొనవలెను. పులికాట్ తీరమున సూళ్లూరుపేట వైపు చవుడు నేలలలో చిక్కు వేరు. ఉప్పుతో కూడిన తడి నేల తానే కరెంటును కొంత ప్రసరింపజేయును గనుక, ఇనుప ఖనిజమునకు సరిచేసిన అమరిక అచ్చట చాలదు. ఉప్పునేలకు ప్రత్యేకముగ అమరిక గల యంత్రమునే అచ్చట వాడవలెను.

సరిచేయు పద్ధతి కష్టమైనది కాదు. ముందుగా లోహములను వేరుపరచు మీటను తీసివేసి, అన్ని లోహములకును పలుకు స్థితిలో యంత్రము నుంచవలెను. లోహము లేదని తోచిన జానెడు స్థలము చూచుకొని, చక్రమును నేలకు సమాంతరముగ మోకాలి ఎత్తు వరకు లేపి, నేలకు రెండంగుళముల దగ్గరకు దించవలెను. ఇట్లు తాపీగా పలుమారులు చేయవలెను. దించునపుడు ధ్వని పెరిగినచో మీటను ఒక వైపునకు, లేపునపుడు పెరిగినచో రెండవ వైపునకు కొలదికొలదిగ త్రిప్పవలెను. లేపినను దించినను ధ్వని మారనప్పుడు ముల్లు నడిమికి వచ్చినట్లు. కొన్ని యంత్రములు ఈ పనిని బొత్తాము నొక్కినంత తామే చేసికొనును. అయినను ఆ స్థలము క్రింద మేకు ఒకటి దాగియున్నచో పడికట్టు తప్పును. కనుక నాలుగడుగుల అవతల మరియొకమారు సరిచూచుట మంచిది.

తీవ్రతను సూచించు సెన్సిటివిటీ మీటను గూర్చి ఒక మాట. క్రొత్తగా యంత్రము పట్టినవారందరును దానిని కడపటి గీత వరకు త్రిప్పుదురు. ఎంత ఎక్కువ పెట్టిన అంత లోతు చూచునని వారి నమ్మకము. ఖనిజము నిండిన నేలలో జరుగునది వేరు. తీవ్రత పెంచిన కొలది నేల గోలయే పెరిగి, లోహపు పలుకు అందులో మునిగిపోవును. తిరునాళ్లలో మైకులన్నియు ఒక్కసారి పెంచినచో తప్పిపోయిన పిల్లవాని పేరు ఎవరికిని వినబడదు. నేల సద్దుమణుగు వరకు తీవ్రతను తగ్గించి, చిన్న చక్రమును తగిలించి, నెమ్మదిగ నడచినవానికే ఎక్కువ తెలియును.

కరెంటు తీగల సందడి

నేల తరువాత కరెంటు. మన పల్లెలలో పొలముల మీదుగా 11 కె.వి. తీగలు పోవుచుండును. గట్టు గట్టునకు ట్రాన్స్‌ఫార్మరు, మోటారు, స్టార్టరు ఉండును. అడవి పందుల కొరకు కొందరు కంచెలకు కరెంటు పెట్టుదురు. అది ప్రాణాంతకమును, నేరమును కూడ. వీనికి తోడు సెల్‌ఫోను టవర్లు. ఇవన్నియు యంత్రపు చుట్టలోనికి తమ సందడిని పంపును.

శబ్దము నేలదో కరెంటుదో తెలిసికొనుటకు ఒక సులువైన ఉపాయము కలదు. చక్రమును నేలకు నడుమెత్తున కదలింపక పట్టుకొనుడు. ఏమియు కదలకున్నను యంత్రము గొణుగుచున్నచో అది కరెంటు సందడి. కదలింపనపుడు ఊరకుండి, నేలమీదుగ ఊపినపుడు మాత్రమే అచ్చటచ్చట పలికినచో అది నేల లేక లోహము. కరెంటు సందడియైనచో ముందు జేబులోని ఫోను తీసి దూరముగ పెట్టవలెను. అప్పటికిని తగ్గనిచో యంత్రపు తరంగ సంఖ్యను ఒక మెట్టు మార్చవలెను. చాల యంత్రములలో అందుకు వీలుండును. చక్రమును ఇటునటు త్రిప్పి చూచినచో ఏదో ఒక దిశలో సందడి తగ్గుట కూడ కలదు. చివరకు మాత్రమే తీవ్రతను తగ్గింపవలెను. వ్యవసాయ మోటార్లకు సరఫరా లేని వేళను ఎన్నుకొనుట అన్నిటికంటె సులభము. వెదకుట కొరకు ఎవరును తమంతట ఫ్యూజులు పీకరాదు. ఆ పని లైన్‌మనుది.

బోరు, గొట్టము, వాల్వు

ఇంతవరకు చెప్పినది పంచాయతీకి అక్కరకు వచ్చు మొదటి సందర్భము వదలివేసిన బోర్లది. మన మెట్ట ప్రాంతములలో ఒక్కొక్క రైతు చేనిలో నీరు పడని బోర్లు ఎన్నియున్నవో మీకు మేము చెప్పనక్కరలేదు. వెయ్యి అడుగులు దాటినను తడి తగలని బోర్లు గలవు. నోరు తెరచియున్న బోరులో పసిబిడ్డలు పడిన దుర్ఘటనలు దేశమున పలుచోట్ల జరిగిన మీదట, 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకములు జారీచేసినది. వదలిన బోరును అడుగునుండి నేలమట్టము వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చవలెనని అందు కలదు. గ్రామములలో దీనిని పర్యవేక్షించు భారము సర్పంచిపైనను, వ్యవసాయ శాఖ అధికారిపైనను ఉంచబడినది.

పూడ్చుటకు ముందు బోరు ఎచ్చటనున్నదో తెలియవలెను గదా. కంపపెరిగి, పైన గోనెసంచియు మట్టియు పడి మరుగైన బోరుకు ఇనుప కేసింగు గొట్టమున్నచో మెటల్ డిటెక్టరు దానిని సులభముగ చూపును. ఆరున్నర అంగుళముల ఇనుప గొట్టము నాణెము వంటిది కాదు. తీవ్రత తగ్గించి పెట్టినను గట్టిగా పలుకును. కాని ఇచ్చట మిక్కిలి జాగరూకత వహింపవలసియున్నది. కేసింగు ప్లాస్టిక్కుదైనచో యంత్రము పలుకదు. నీరు పడలేదని కేసింగును పైకి లాగి వేరొకచోట వాడుకొనుట మన రైతులకు పరిపాటి. అట్టి గుంత చుట్టును లోహమే యుండదు. బిడ్డలకు అపాయకరమైనది సరిగా ఆ గుంతయే. కనుక యంత్రము మ్రోగలేదని చేనిని నిరపాయకరముగ ఎంచరాదు. రైతును, పొరుగు రైతును అడిగి, ఏ యేట ఎన్ని బోర్లు వేసిరో వ్రాసికొని, ఆ లెక్క ప్రకారము ఒక్కొక్కదానిని చూచి పూడ్పించవలెను. యంత్రము ఆ పనిలో సహాయకారి మాత్రమే.

నీటి గొట్టముల సంగతియు ఇట్టిదే. పాతకాలపు ఇనుప గొట్టములను, పోత ఇనుప వాల్వులను యంత్రము కనిపెట్టును. సిమెంటు రోడ్డు వేయునపుడు కప్పబడిన వాల్వు కొరకు రోడ్డంతయు పగులగొట్టు బాధ దానివలన తప్పును. మురుగు కాలువపై మూతపలకలలోని ఇనుప ఊచలు కూడ పలుకును గనుక వాటికి గజము దూరమున వెదకవలెను. కాని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ వంటి పథకముల క్రింద ఇంటింటికి వేయు గొట్టములు చాలవరకు ప్లాస్టిక్కువి. వీనిని మెటల్ డిటెక్టరు చూడనేరదు. పూడ్చునపుడే గొట్టమునకు అడుగు ఎత్తున లోహపు రేకు అతికిన హెచ్చరిక పట్టీని పరచినచో మీ తరువాతి పంచాయతీవారు మిమ్ము తలచుకొందురు. వాల్వు దగ్గర ఒక ఇనుప పలకను పాతిననూ మేలే. ఇంతకంటె చౌకయైనది ఇంకొకటి కలదు: ప్రతి వాల్వునకు రెండు స్థిరమైన గుర్తులనుండి, అనగా బడి గోడ మూలనుండి ఇన్ని అడుగులు, రచ్చకట్ట నుండి ఇన్ని అడుగులు అని కొలిచి, పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచుట. టేపు ఒక్కటి చాలును.

జాతర వాకిట

జాతరల విషయమునకు వచ్చెదము. 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడుగారి వాహనశ్రేణిపై మందుపాతరలు ప్రేలినప్పటినుండి ఈ ప్రాంతమున తనిఖీల ప్రాముఖ్యము అందరికిని తెలిసివచ్చినది. గంగమ్మ జాతరలలోను, కాణిపాకము, శ్రీకాళహస్తి ఉత్సవములలోను ద్వారబంధపు డిటెక్టర్లు నిలుపుట పరిపాటి యైనది. వాటిని సరిచేయువారు పోలీసులు. నిలుపు స్థలమును చూపువారు తరచుగ మీరే. అందుచేత ఈ సంగతులు మీకు తెలియవలెను.

ద్వారబంధము కదలరాదు. ఎగుడుదిగుడు నేలపై నిలిపి, త్రాటితో కట్టి, గాలికి ఊగుచుండగా అది ఊరకే కూయును. ఇనుప గేటు రెక్కలు, బారికేడ్ల గొట్టములు, ప్రక్కనే జనరేటరు, ట్యూబులైట్ల తోరణములు దానికి శత్రువులు. రెండు ద్వారబంధములను మరీ దగ్గరగా నిలిపినచో ఒకదాని పలుకు ఒకటి విని రెండును తప్పుదోవ పట్టును. వాటిని తయారుచేసినవారు చెప్పిన ఎడమును పాటించి, వేర్వేరు తరంగ సంఖ్యలపై పెట్టవలెను. తీవ్రతను మరీ పెంచినచో స్త్రీల గాజులకు, మొలత్రాటి బిళ్లకు, వేషగాండ్ర గజ్జెలకు మ్రోగి మ్రోగి, కావలివాడు విసిగి అన్నింటిని వదలివేయును. అట్లని తగ్గించినచో ప్రమాదకరమైనది కూడ జారిపోవును. పరీక్షకని యుంచిన లోహపు దిమ్మను చీలమండ కడ, నడుము కడ, తల కడ పట్టుకొని నడిచి చూచి, మూడుచోట్లను పలుకు కనీసపు తీవ్రతపై నిలుపుట యుక్తము. గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారు ముందుగ చెప్పినచో వారిని చేతితో పరీక్షించి పంపవలెను. స్త్రీలను స్త్రీలే, తెర చాటున పరీక్షింపవలెను.

మరియొక హెచ్చరిక. అడవి అంచు పల్లెలలో పందులను చంపుటకు నాటుబాంబులు పెట్టు దురాచారము గలదు. పశువులు కొరికి నోరు పగిలి చచ్చిన సంఘటనలు మీరెరుగనివి కావు. అట్టి బాంబులో లోహమే లేకపోవచ్చును. యంత్రము మౌనముగ నున్నదని అనుమానాస్పదమైన మూటను ఎవరును కదపరాదు. 112కు ఫోను చేసి, మనుషులను పశువులను దూరముగ నిలుపవలెను.

గుప్తనిధుల వేట

కడపటి త్రోవకు వచ్చితిమి. మాకు మిక్కిలి ఆందోళన కలిగించునది ఇదియే. రాత్రివేళ శివాలయములో నంది క్రింద గొయ్యి, పాడుపడిన మండపములో పెకలించిన బండ, తెల్లవారినపుడు నిమ్మకాయలు, పసుపు కుంకుమలు. ఇట్టి వార్తలు మన ప్రాంతమునుండి తరచు పత్రికల కెక్కుచున్నవి. పూర్వము అంజనము వేయువాని మాటపై త్రవ్వెడివారు. ఇప్పుడు యంత్రము మ్రోగినదని త్రవ్వుచున్నారు. అంజనమును నమ్మని చదువుకొన్న యువకులు సయితము యంత్రమనగానే నమ్మి, అప్పు చేసి వాటా పెట్టుచున్నారు.

ఆ మ్రోత ఏమిటో ఇంతసేపు చెప్పికొంటిమి. పాత గుడి ఆవరణమంతయు కాలిన ఇటుక, త్రుప్పు మేకులు, విరిగిన గంట ముక్కలు, మరమ్మతులలో వాడిన ఇనుప ఊచలు, నిన్నటి పొట్లముల వెండి రేకులు. కోట వెంబడి చిట్టెము, ఎద్దుల నాడాలు, బండిచక్రపు పట్టాలు. అన్నియు పలుకును. బంగారమునే పట్టి చూపు యంత్రము లేదు. చిన్న బంగారు ఉంగరమునకును, నలిగిన అల్యూమినియపు రేకునకును యంత్రమిచ్చు సూచిక ఇంచుమించు ఒక్కటియే కావచ్చును. లోతు సంగతియు అట్లే. సామాన్య యంత్రము నాణెమును జానెడు, మహా అయిన జానెడున్నర లోతున పట్టును. బిందె అంత వస్తువునైనచో గజము ప్రాంతమువరకు పసికట్టవచ్చును. వంద అడుగుల లోతు బంగారమును దూరమునుండియే చూపునని చెప్పి కడ్డీలు త్రిప్పువాడు మోసగాడు.

బంగారము మన సీమలో లేదా యన్నచో కలదు. కుప్పము దగ్గర చిగురుగుంట, బిసానత్తము గనులు కోలారు బంగారు శిలల కొనసాగింపే. 2001లో కోలారు గనులతోబాటు అవియు మూతపడినవి. అచ్చటి ఖనిజములో టన్ను రాతికి బంగారము కొద్ది గ్రాములు మాత్రమే, అదియు కంటికి కనబడని రేణువులుగ. ఆ రాతిని చేతబట్టి యంత్రమునకు చూపినను బంగారమునకు అది పలుకదు.

త్రవ్వినవారికి దొరకునది ఏమియు లేకపోగా, ఊరికి కలుగు నష్టము తీరనిది. రాతి స్తంభము నిలుచునది తన బరువు మీదను, పునాది బిగువు మీదను. ప్రక్కన మూరెడు గొయ్యి చాలును, వానకాలములో అది ఒరుగుటకు. శాసనమున్న రాతిని నిధికి గుర్తని తలచి పగులగొట్టుట ఇంకను విచారకరము. ఆ రాతలలో నుండునవి దేవునికి దీపమునకిచ్చిన దానములు, భూమి హద్దులు, చెరువు త్రవ్వించి కాపాడినవానికిచ్చిన దశబంధపు మాన్యములు. మీ చెరువు ఎవరు, ఎప్పుడు కట్టించిరో చెప్పు కాగితము ఏ కచ్చేరిలోను ఉండకపోవచ్చును. ఆ రాయి ఒక్కటే సాక్ష్యము కావచ్చును. పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులను మన జనులు పాండవగుళ్లందురు. వాటిలో ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు సాధారణముగ దొరకునవి. అమ్మకమునకు అవి విలువలేనివి. తావు చెదరకున్నచో చరిత్రకారునకు అమూల్యములు.

గుడిమల్లము పరశురామేశ్వరాలయము, చంద్రగిరి కోట వంటి కేంద్ర రక్షిత కట్టడములకు 1958 నాటి పురాతన కట్టడముల చట్టము వర్తించును. వాటికి హాని కలిగించినవారికి, 2010 సవరణ ప్రకారము, 2 సంవత్సరముల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండునుగాని విధింపవచ్చును. రాష్ట్ర రక్షిత కట్టడములకు 1960 నాటి రాష్ట్ర చట్టము కలదు. ఏ పట్టికలోను లేని గుళ్లు మీ ఊళ్లలో అనేకములు. వాటికి కాపు మీరే. ప్రతి పాత గుడిని, శాసనపు రాతిని నాలుగు వైపులనుండి ఫొటో తీయించి పంచాయతీ కార్యాలయములో ఉంచుడు. గొయ్యి కనబడిన రోజుననే పోలీసులకు వ్రాతపూర్వకముగ తెలుపుడు. గోతిని పూడ్చుట వారు చూచిన తరువాతనే.

మరి దున్నుచుండగా నాగలికి నాణెముల కుండ తగిలినచో ఏమి చేయవలెను? భయముచేత దాచువారు, కరిగించువారు ఎక్కువ. చట్టము భయపెట్టునంతటిది కాదు. 1878 నాటి గుప్తనిధి చట్టము ప్రకారము 10 రూపాయల విలువ మించిన నిధి దొరకినవాడు, వీలైనంత త్వరగా జిల్లా కలెక్టరుకు వ్రాతమూలముగ తెలుపవలెను. నిధి ఏమి, ఎంత, ఎచ్చట, ఏ తేదీన దొరకినదో వ్రాసి, దానిని సమీపపు ప్రభుత్వ ఖజానాలో ఉంచవలెను, లేదా కలెక్టరు కోరినపుడు చూపుటకు హామీ ఈయవలెను. హక్కుదారులు ఎవరైన ఉన్నారేమోయని కలెక్టరు ప్రకటన చేయును. నూరేండ్లకు పూర్వము పాతిపెట్టిన నిధియై, హక్కుదారు లేనిదైనచో, వేరే ఒప్పందము లేనపుడు దొరకినవానికి ముప్పాతిక, భూమి యజమానికి పాతిక వచ్చును. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువకు అయిదవ వంతు చేర్చి చెల్లించును. తెలుపక దాచినవానికి వాటా పోవుటయే గాక ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండునుగాని కలుగవచ్చును.

కుండను కడుగరాదు, నాణెములను చింతపండుతో తోమరాదు. అంటిన మట్టితో సహా గుడ్డలో కట్టి, ఇద్దరు సాక్షుల యెదుట లెక్కించి, గ్రామ రెవెన్యూ అధికారికి చూపి, ఖజానాకు చేర్చవలెను. అచ్చట ఇచ్చు రసీదులో నాణెముల సంఖ్యయు, మొత్తపు తూకమును వ్రాయించుకొని రావలెను.